నిలబడితే వణికే బండి

ఈ కథలో తెలివితక్కువవాడు ఎవరో వెతుక్కునే శ్రమ మీకు ఎందుకని ముందే చెప్పేస్తున్నాను. నేనే. నా పేరు అవధానం నరహరి. సంచార పశువైద్య సేవా మండలి ప్రధాన కార్యాలయంలో పందొమ్మిదేళ్లు కూర్చుని సర్క్యులర్లు రాశాను. ఊరూరికీ వ్యాన్లలో తిరిగి పశువులకు వైద్యం చేసే సంస్థ మాది. ఆ పందొమ్మిదేళ్లలో నేను మాత్రం వ్యానునూ, పశువునూ కాగితాల మీదే చూశాను.

నేను రాస్తే తిరుగుండదని కార్యాలయంలో పేరు. ఒకే వాక్యానికి రెండర్థాలు వచ్చేలా రాయగలను. అవసరమైతే ఏ అర్థమూ రాకుండానూ రాయగలను.

ఒకసారి ఎక్కడో ఒక జిల్లాలో ఒక డ్రైవరు శుభ్రంగా ఉన్న సామాన్లను పాడైపోయాయని చెప్పి మార్పించాడని ఫిర్యాదు వచ్చింది. డైరెక్టరు గారు నన్ను పిలిచి, "నరహరీ, ఇలాంటిది ఇంకోసారి జరగడానికి వీల్లేకుండా ఒకటి రాయి. పక్షపాతం ఎక్కడ పుడుతోందో అక్కడే తుంచెయ్యాలి" అన్నారు.

రెండు రోజులు ఆలోచించాను. ఆలోచన ఇలా సాగింది. బండి గురించి తెలిసినవాడికి దాని మరమ్మతు మీద ఆసక్తి ఉంటుంది. ఆసక్తి ఉన్నవాడు నిష్పాక్షికంగా ఉండలేడు. కాబట్టి బండిలో లోపాన్ని నిర్ధారించే అధికారికి బండి గురించి ఏమీ తెలిసి ఉండకూడదు. మూడు వాక్యాలూ బడిపిల్లల్లా ఒకదాని వెనుక ఒకటి ఎంత బుద్ధిగా వచ్చి నిలబడ్డాయంటే, చూసుకుని నాకే ముచ్చటేసింది.

దాని మీద సర్క్యులరు కట్టాను. లోపం నమోదైన క్షణం నుంచి బానెట్టుకు లక్క ముద్ర వేయాలి. లోపానికి కారణం ఏమై ఉంటుందో డ్రైవరు నోటితో గాని, రాతతో గాని, సైగతో గాని ఏ అధికారికీ చెప్పరాదు. యంత్రజ్ఞానం లేదని ధ్రువపడిన ముగ్గురు అధికారుల సంఘం లోపాన్ని నిర్ధారించాలి. వాళ్లలో ఎవరికైనా మధ్యలో జ్ఞానం కలిగితే ఆ క్షణమే అనర్హులవుతారు.

డైరెక్టరు గారు రెండుసార్లు చదివి, "ఎక్కడా సందు లేదయ్యా" అన్నారు. నా ఉద్యోగ జీవితంలో అంతకు మించిన పొగడ్త నేనెరగను. ఆ ఊపులోనే నాకు పదోన్నతి ఇచ్చి, సీమలో ఒక జిల్లా కార్యాలయానికి పరిపాలనాధికారిగా పంపారు.

*

చేరిన రోజు ఉదయం మెట్లెక్కుతుంటే వాకిట్లో ఒక తెల్ల వ్యాను నిలబడి ఉంది. ఇరవై రెండేళ్ల బండి. ఇంజను తిరుగుతోంది. తిరుగుతోందనడం కంటే చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోందనాలి. అద్దాలు గడగడలాడుతున్నాయి, వెనకున్న మందుల పెట్టెలో సీసాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నాయి. రెండు నిమిషాలు వణికి, ఒకసారి తుమ్మినట్టు ఎగిరి, ఆగిపోయింది.

డ్రైవరు దిగి నమస్కారం పెట్టాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, నెరిసిన గడ్డంతో ఉన్నాడు. పేరు దస్తగిరి. పదిహేడేళ్లుగా ఏడాదికోసారి కాంట్రాక్టు పొడిగించుకుంటూ ఆ వ్యానునే నడుపుతున్నాడట.

"ఐడిలింగులో, అదే బండి ఆపి ఇంజను తిప్పేటప్పుడు, నిలబడ్తాలేదు సార్. పరిగెత్తేటప్పుడు బాగనే పోతాది. యాడో గాలి పీలుస్తాంది. ఒక్క పావుగంట టయం ఇస్తే..."

"ఆగు దస్తగిరీ" అన్నాను. "కారణం నువ్వు చెప్పకూడదు. చెబితే నేను అనర్హుణ్ణవుతాను."

అతను నా ముఖంలోకి చూశాడు. హాస్యమాడుతున్నానేమోనని చూశాడని తర్వాత అర్థమైంది.

మధ్యాహ్నానికి అర్జీ రాసుకొచ్చాడు. అందులో ఇలా ఉంది: "బండి నిలబడితే వణుకుతున్నది. ఇంజను పక్కన బుస్సుమని శబ్దము వచ్చుచున్నది. ఈ మధ్య బ్రేకు పెడలు కూడా గట్టిపడినది, కాలు బలంగా తొక్కవలసి వచ్చుచున్నది. రెండింటికీ సంబంధము ఉన్నది."

ఎర్ర పెన్ను తీశాను. బుస్సుమనే శబ్దం ఒక అభిప్రాయం, కొట్టేశాను. బ్రేకు సంగతి మరో లోపం, దానికి వేరే అర్జీ పెట్టుకోవాలి, కొట్టేశాను. సంబంధం ఉన్నదనడమైతే పచ్చి యంత్రజ్ఞానం. దాన్ని రెండు గీతలతో కొట్టేశాను. మిగిలింది మొదటి వాక్యం. అందులో కూడా 'వణుకు' అనే మాట రోగనిర్ధారణలా ఉందనిపించి, "వాహనము నిలిచియుండగా అసంతృప్తికరముగా ఉన్నది" అని దిద్దాను. దస్తగిరి సంతకం పెట్టి, పెన్ను నా బల్ల మీద మెల్లగా పెట్టి వెళ్లాడు. ఆ సాయంత్రమే బానెట్టుకు లక్క ముద్ర పడింది.

*

జిల్లా అధికారి పీతాంబరం గారు. తెల్లచొక్కా చేతులు మడవకుండా ఎండాకాలమంతా గడపగల మనిషి. నా సర్క్యులరు కంఠతా వచ్చు. నన్ను రాసినవాడిగా ఎంత గౌరవించారంటే, కుర్చీ తనే జరిపి కూర్చోబెట్టారు.

"సంఘానికి మీరే అధ్యక్షులుగా ఉండాలి నరహరిగారూ. ఈ విషయంలో మీ అర్హతను మించిన అర్హత ఈ జిల్లాలో ఎవరికీ ఉండదని నా దృఢవిశ్వాసం."

అజ్ఞాన ధ్రువపత్రానికి ఇద్దరు సాక్షులు కావాలి. నాకు పదేళ్లుగా తెలిసిన ఒకరు, కుటుంబ సభ్యులు ఒకరు. మా ఆవిడ విశాలాక్షి ఆ కాగితం నిలబడే చదివింది. "మావారికి ఏ యంత్రమును గురించియు ఏమియు తెలియదని ప్రమాణపూర్వకముగా..." దాకా వచ్చి, సంతకం పెట్టేసి, "యంత్రం వరకేనా? కింద ఇంకా చోటుందే" అంది.

మిగతా ఇద్దరు సభ్యుల్లో ఒకరు స్టోరు గుమాస్తా ఓబులేసు, మరొకరు గణాంకాధికారి భాగ్యరాజు. ఓబులేసుకు సైకిలు తొక్కడం వచ్చునని తేలి కొంత చర్చ జరిగింది. గొలుసు ఊడితే తనే వేసుకుంటాడా, ఇంకొకరితో వేయించుకుంటాడా అని పీతాంబరం గారు అడిగారు. ఇంకొకరితోనేనని చెప్పి గట్టెక్కాడు.

ముగ్గురం పదిరోజుల పాటు రోజూ వ్యాను చుట్టూ తిరిగాం. లోపల చూడకూడదు కాబట్టి బయట చూశాం. ఓబులేసు బానెట్టు మీద నీళ్ల గ్లాసు పెట్టాడు. ఇంజను ఆన్ చేస్తే గ్లాసు నడుచుకుంటూ అంచుదాకా వెళ్లి పడింది. భాగ్యరాజు పడిన ప్రతిసారీ రాసుకుని, సగటు తీసి, గ్రాఫు గీశాడు. దస్తగిరి వేపచెట్టు కింద గొంతుక్కూర్చుని చూస్తుండేవాడు. సైగ నిషిద్ధం కాబట్టి చేతులు వీపు వెనక పెట్టుకునేవాడు.

పదకొండో రోజు భాగ్యరాజు ఒక నిజం కనిపెట్టాడు. బండి నడుస్తున్నప్పుడు గ్లాసు పడడం లేదు, అంటే వణుకు లేదు. నిలబడితేనే వణుకు.

"అంటే లోపం బండిలో లేదు సార్" అన్నాడు. "నిలబడడంలో ఉంది."

ఆ వాక్యంలో నాకు ఎక్కడా సందు కనిపించలేదు. అదే నివేదికగా రాసిచ్చాను. మర్నాడు పీతాంబరం గారి ఉత్తర్వు వెలువడింది: "సంఘము వారి నిష్పాక్షిక నిర్ధారణను అనుసరించి, ఇకమీదట సదరు వాహనము ఇంజను ఆన్‌లో ఉండగా ఏ పరిస్థితిలోను నిలుపబడరాదు."

ఆ రోజు నుంచి పొద్దున తొమ్మిదింటికి వ్యాను మా ఆవరణలో గుండ్రంగా తిరగడం మొదలుపెట్టేది. మందులు ఎక్కించేవాళ్లు పక్కన పరిగెత్తుతూ అందించేవారు. తలుపు దగ్గర ఒకరు అందుకునేవారు. పశువైద్యురాలు డాక్టర్ ఇందుమతి మూడో చుట్టులో ఎక్కేది. ఆమెది గుంటూరు వైపు. నలభై ఏళ్లుంటాయి. ఎప్పుడూ గొంతు పెంచదు. రెండో రోజు నా గదికి వచ్చింది.

"పశువు దగ్గరికెళ్లాక ఇంజను ఆపాలి కదండీ. ఆపితే మళ్లీ స్టార్టవడానికి అరగంట పడుతోంది. ఆపకపోతే నేను దిగేదెట్లా?"

ఫైలు పీతాంబరం గారికి పంపాను. ఆయన వ్యాఖ్య రాశారు: "అవసరమైనచో పశువును కూడా వాహనముతోపాటు నడిపించు విషయము పరిశీలించవచ్చును."

డాక్టర్ ఇందుమతి అది చదివి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కోటు జేబులో వేసుకుంది. "దాచుకుంటాను సార్. ఎవరికైనా చెబితే నమ్మరు" అంది. అది పొగడ్తే అనుకున్నాను. ఆ రోజుల్లో నాకు అన్నీ పొగడ్తల్లాగే వినపడేవి.

*

ఒక గురువారం పదకొండు గంటలప్పుడు నల్లగుండ్లపల్లె నుంచి ఫోనొచ్చింది. ఈరమ్మ అనే ఆవిడ ఎనుముకు, అంటే గేదెకు, నొప్పులు మొదలై ఆరు గంటలైంది. దూడ అడ్డం తిరిగినట్టుంది. ఆ ఎనుము పాలతోనే ఆమె, ఆమె అత్త, ఇద్దరు ఆడపిల్లలు బతుకుతున్నారని ఫోను చేసిన పక్కింటాయన చెప్పాడు. డాక్టర్ ఇందుమతి పరిగెత్తింది. క్షేత్రస్థాయిలో వాహన ప్రవర్తనను పరిశీలించే బాధ్యత అధ్యక్షుడిదని నాకు గుర్తొచ్చి, నేనూ పరిగెత్తి నాలుగో చుట్టులో ఎక్కాను. మోకాలు కొట్టుకుపోయింది.

ఊరు దాటాక బండి బాగానే పోయింది. దారిలో రెండుసార్లు ఇందుమతి ఫోను మోగింది. రెండోసారి ఫోనులో ఈరమ్మే మాట్లాడింది.

"తల్లీ, ఒక కాలే కనపడ్తాంది. ఎనుము పండుకోని లేస్తాలేదు. యాడ ఉండారు?"

"వచ్చేస్తున్నామమ్మా. కాలు పట్టుకుని లాగొద్దు. ఎవర్నీ లాగనీయకు."

రైల్వే గేటుకు ముందు రోడ్డు ఏటవాలుగా దిగుతుంది. మేం దిగడం మొదలుపెట్టేసరికి గేటు పడింది. ముందు ఒక ట్రాక్టరు, దాని వెనక గడ్డి మోసుకెళ్తున్న ఆటో ఆగి ఉన్నాయి. దస్తగిరి బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. అతను సీట్లోంచి సగం లేచి, రెండు కాళ్లూ పెడలు మీద వేసి, స్టీరింగు పట్టుకుని ఒళ్లంతా బిగబట్టి తొక్కాడు. ఆటోలోని గడ్డి మా అద్దం నిండా పెద్దదవుతూ వచ్చింది. ఆటో వెనక సీట్లో కూర్చున్న ఒక ముసలామె మమ్మల్ని చూస్తోంది. ఆమె నోరు తెరవడం కూడా కనిపించింది.

చివరికి బండి ఆగింది. ఆటోకీ మాకూ మధ్య జానెడు ఎడం ఉంది. ఇంజను రెండుసార్లు కొట్టుకుని చచ్చిపోయింది.

దస్తగిరి చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. ఇటు తిరక్కుండానే అన్నాడు.

"బ్రేకు సంగతి అర్జీలో రాసినా సార్. మీరు కొట్టేసినారు."

నిష్ఠూరంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎర్ర పెన్నుతో గీసిన గీత నా కళ్లముందు కదిలింది. ఆ గీతను స్కేలు పెట్టి గీసుకున్నానన్న సంగతి కూడా గుర్తొచ్చింది.

స్టార్టు చేస్తే బండి దగ్గి ఆగిపోతోంది. యాక్సిలేటరు తొక్కి పట్టుకుంటే తిరుగుతోంది, వదిలితే చస్తోంది. ఆ బ్రేకుతో ముందుకు పోవడానికి దస్తగిరి ఒప్పుకోలేదు. ఇంకో పన్నెండు కిలోమీటర్లుంది, మధ్యలో ఘాటు రోడ్డు దిగాలి.

"డాక్టరమ్మను సంపేకి నాకు మనసు రాదు సార్" అన్నాడు.

నేను దిగి బానెట్టు ముందు నిలబడ్డాను. లక్క ముద్ర ఎర్రగా, గుండ్రంగా ఉంది. మండలి చిహ్నమైన ఎద్దుబొమ్మ స్పష్టంగా పడింది. వేసింది నేనే. దాన్ని గోటితో గీకాను, రాలేదు. రాయి తీసుకుని కొట్టాను. మూడో దెబ్బకు పగిలింది.

"దస్తగిరీ, ఇప్పుడు చెప్పు. ఏం చెయ్యాలి?"

అతను కదల్లేదు. "నేను చెప్తే నా కాంట్రాక్టు పోతాది సార్. మీరే రాసినారు గదా. నోటితో గాని, రాతతో గాని, సైగతో గాని."

నిజమే, నేనే రాశాను. నా సర్క్యులరులో సందు వెతుక్కోవలసిన అవసరం నాకే వచ్చింది. నడిరోడ్డు మీద నిలబడి ప్రతి వాక్యం మనసులో చదువుకున్నాను.

"అధికారికి చెప్పరాదని రాశాను" అన్నాను. "డాక్టరు గారు మండలి లెక్కలో అధికారి కాదు, సాంకేతిక సిబ్బంది. నువ్వు ఆవిడకు చెప్పు. ఆవిడ నాకు చెబుతుంది. ఆవిడ నోటికి నిషేధం లేదు."

ముగ్గురం ఒకరికొకరు చేయి చాపితే అందేంత దూరంలో ఉన్నాం. దస్తగిరి సీట్లో కూర్చుని యాక్సిలేటరు మీద కాలుపెట్టి, కిటికీలోంచి తల బయటపెట్టి ఇందుమతితో చెప్పాడు. ఇందుమతి అవే మాటలు నాతో చెప్పింది. ట్రాక్టరు డ్రైవరు దిగొచ్చి చేతులు కట్టుకుని చూస్తున్నాడు.

"మొదట ప్లగ్గుల సంగతి చూడాల తల్లీ. వైర్లు ఒక్కోటే పీకి మళ్లా పెట్టమను. ఏది పీకితే ఇంజను సప్పుడు మారదో, ఆ ప్లగ్గు పన్జేస్తాలేదని లెక్క."

"ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి పెట్టమంటున్నాడు సార్. షాకు కొడుతుంది, ఇవి తొడుక్కోండి."

ఆమె ఇచ్చింది పశువులకు పురుడు పోసేటప్పుడు తొడిగే తొడుగులు. భుజం దాకా వస్తాయి. అవి రెండు జతలు ఒకదాని మీద ఒకటి తొడుక్కుని, వాటి మీద దస్తగిరి ఇచ్చిన మందపాటి రబ్బరు చుట్టుకుని, మొదటి వైరు పీకాను. ఇంజను కుంగింది. పెట్టాను, లేచింది. రెండోది, మూడోది, నాలుగోది కూడా అంతే. నాలుగూ సమానంగా పనిచేస్తున్నాయి.

"అయితే గాలే" అన్నాడు దస్తగిరి, ఇందుమతితో. "దొంగగాలి లోపలికి పోతాంది. యాడ బుస్సుమంటాందో చెవి పెట్టి వినమను."

ఆ రొదలో నా చెవికి ఏమీ తెలియలేదు. అప్పుడు ఇందుమతి మెడలోంచి స్టెతస్కోపు తీసింది. చివరనున్న డబ్బీని ఊడదీసి, ఉత్త గొట్టాన్ని నా చేతికిచ్చింది.

"ఊపిరితిత్తులు చూసినట్టే సార్. నెమ్మదిగా జరుపుకుంటూ వెళ్లండి. తొందరపడొద్దు."

నేను చెవుల్లో పెట్టుకుని వంగాను. కార్బొరేటరు చుట్టూ ఊపిరిలాంటి చప్పుడు తప్ప మరేమీ లేదు. పక్కకు జరిపాను. అక్కడి నుంచి వెనక్కు, బ్రేకు వైపు, బొటనవేలంత లావు రబ్బరు పైపు ఒకటి పోతోంది. దాని చివర, క్లిప్పు దగ్గర, పాము బుసలాంటి చప్పుడు చెవుల్లో నిండిపోయింది.

పైపును వంచి చూశాను. కింది వైపు రబ్బరు పగిలి, చిన్న నోరులా తెరుచుకుని ఉంది. దాని మీద బొటనవేలు నొక్కి పెట్టాను. దస్తగిరి యాక్సిలేటరు మీదినుంచి కాలు తీశాడు.

ఇంజను ఆగలేదు. వణకలేదు. ఒకే శ్రుతిలో, మెల్లగా తిరుగుతూ ఉండిపోయింది. వేలు తీశాను, వణికింది. పెట్టాను, శాంతించింది. అలా నాలుగైదుసార్లు చేశాను. అంతసేపు అక్కర్లేదు. కానీ యాభై మూడేళ్ల వయసులో ఒక విషయం నా వేలికి తెలియడం అదే మొదటిసారి.

"ఆడుకునింది సాలు గాని, పగిలిన కాడికి కోసి మళ్లా ఎక్కియ్యమను తల్లీ. పైపు పొడుగు సరిపోతాది. బ్రేకుకు బలమిచ్చేది గూడా ఆ పైపే" అన్నాడు దస్తగిరి. గొంతులో నవ్వుంది.

ఇంజను ఆపాం. ఇందుమతి కొత్త సర్జికల్ బ్లేడు తీసిచ్చింది. పగిలిన అంగుళం ముక్క కోసేసి, మిగిలిన పైపును నెట్టి ఎక్కించి, క్లిప్పు బిగించాను. దస్తగిరి స్టార్టు చేసి, బ్రేకు నొక్కి చూశాడు. పెడలు మెత్తగా కిందికి దిగింది. అతను కళ్లు మూసుకుని తల ఊపాడు. గూడ్సు రైలు వెళ్లిపోయింది. గేటు లేచింది.

*

ఈరమ్మ కొట్టంలో ఎనుము మెడ చాచి పడుకుని ఉంది. ఇందుమతి భుజం దాకా చేయి లోపలికి పెట్టి, కళ్లు పైకెత్తి, చాలాసేపు ఏదో వెతుకుతున్నట్టు ఉండిపోయింది. రెండో కాలు వెనక్కి మడత పడింది. దాన్ని లోపలే సరిచేసి, తాడు కట్టి, నొప్పి వచ్చినప్పుడల్లా లాగమంది. దస్తగిరి, నేను, పక్కింటాయన లాగాం. దూడ ఒక్కసారిగా జారి గడ్డి మీద పడింది. ఊపిరి లేదు. ఇందుమతి దాని ముక్కులో జిగురు తీసి, గడ్డిపరక పెట్టి కదిపి, పక్కటెముకల మీద రుద్దింది. ఈరమ్మ చీరచెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. దూడ తుమ్మింది.

"ఇంకో పది నిమిషాలైతే రెండూ దక్కేవి కావు" అంది ఇందుమతి. నావైపు చూడకుండా అంది. ఆ మర్యాద నేను మరచిపోను.

ఈరమ్మ మాకు చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోసింది. నా చేతుల మసి చూసి, "ఈ సారు డ్రైవరా?" అని దస్తగిరిని అడిగింది.

"నేర్సుకుంటా ఉండాడు" అన్నాడు దస్తగిరి.

*

సాయంత్రం వ్యాను మా వాకిట్లో ఆన్‌లోనే నిలబడి ఉంది. లోపల సీసాలు కూడా చప్పుడు చేయడం లేదు. పీతాంబరం గారు మేడ మీదినుంచి చూసి కంగారుగా దిగొచ్చారు.

"ఇది తిరగడం లేదేం? ఉత్తర్వు ఉల్లంఘన కదా?"

"బాగైంది సార్" అన్నాను.

ఆయన పగిలిన లక్క చూశారు, నా చొక్కా చూశారు. ముఖంలో నిజమైన బాధ కనిపించింది. మర్నాడు నాకు మెమో అందింది: "మీరు గురువారము నాడు విధినిర్వహణలో ఉండగా యంత్రజ్ఞానము సంపాదించినట్లు ప్రాథమికముగా రుజువగుచున్నది. మీపై చర్య ఏల తీసుకొనరాదో తెలుపవలెను."

జరిగింది జరిగినట్టు ఆరు పేజీల్లో సంజాయిషీ రాశాను. అక్కడొక చిక్కొచ్చింది. అది చదివితే చదివినవారికి బండి బాగుచేయడం తెలిసిపోతుంది. పీతాంబరం గారు మొదటి పేజీ మధ్యలోనే ప్రమాదం గ్రహించి, కళ్లు మూసుకుని ఫైలు మూసేశారు. సీలువేసి పైకి పంపారు. విచారణాధికారి చదవకుండా ఇంకా పైకి పంపాడు. చివరికి ప్రధాన కార్యాలయం తేల్చిందేమంటే, నాకు ఒక రాతపరీక్ష పెడతారు. యంత్రాల మీద పది ప్రశ్నలు. సున్నా వస్తే నాకు జ్ఞానం లేదని తేలి, పదవిలో కొనసాగుతాను. ఒక్క మార్కు వచ్చినా గుమాస్తాగా దించుతారు.

తెల్లకాగితం ఇచ్చి రావడమంత తేలిక ఏముంటుంది? కానీ నాకేమీ తెలియదంటే, మరి ఆ రోజు తెలిసినవాడెవడనే ప్రశ్న వస్తుంది. అది దస్తగిరి మెడకు చుట్టుకుంటుంది. వచ్చే నెలే అతని కాంట్రాక్టు పొడిగింపు. ఈ సంగతి విశాలాక్షికి చెప్పాను. ఆమె కూర తరుగుతూ విని, "పందొమ్మిదేళ్లు తెలియకుండా రాశారు. ఒక్కరోజు తెలిసి రాయండి" అంది.

పరీక్షలో మొదటి ప్రశ్న: "వాహనము నిలిచియుండగా ఇంజను వణుకుటకు కారణములేవి?" రెండు పేజీలు రాశాను. ప్లగ్గులు ఎలా పరీక్షించాలో, గాలి ఎక్కడ దూరుతుందో, దానికీ బ్రేకుకూ ఉన్న సంబంధమేమిటో, బొమ్మ కూడా వేశాను. దీన్ని పట్టించుకోకపోతే మనుషులు చస్తారని చివర రాసి, అడుగున గీత గీశాను. ఇంటికొచ్చి గుమాస్తా జీతంతో నెల ఎలా గడుస్తుందో విశాలాక్షితో కూర్చుని మాట్లాడాను.

మూడు వారాలకు ఫలితం వచ్చింది. సున్నా.

నా జవాబులు దిద్దినవారిని కూడా నా సర్క్యులరు ప్రకారమే ఎంచుకున్నారు. యంత్రజ్ఞానం లేదని ధ్రువపడిన ముగ్గురు. వాళ్లకు నా రెండు పేజీలూ బొత్తిగా అర్థం కాలేదు. అర్థం కానిదానికి మార్కులెలా వేస్తారు? కింద ఇలా రాశారు: "అభ్యర్థి అజ్ఞానము సంపూర్ణముగా రుజువైనది. కావున సదరు మరమ్మతు జరిగియుండదని, జరగని మరమ్మతుతో ఎవరికిని సంబంధము ఉండజాలదని నిర్ణయించడమైనది." పైన అభినందనలు కూడా ఉన్నాయి. దస్తగిరికి కాంట్రాక్టు పొడిగించారు.

అప్పటినుంచి శనివారాల్లో పక్క జిల్లాల వ్యాన్లు ఏదో ఒక పని పెట్టుకుని మా ఆవరణకు వస్తున్నాయి. వచ్చేటప్పుడు వణుకుతాయి, పోయేటప్పుడు వణకవు. దస్తగిరి చెబుతుంటాడు, నేను చేస్తుంటాను. నాకు తెలియదని ప్రభుత్వ ముద్రతో రుజువైంది కాబట్టి, నేనేం చేసినా అది మరమ్మతు కిందికి రాదు.

మొన్న డైరెక్టరు గారే స్వయంగా ఫోను చేశారు. మంచి ఉత్సాహంగా ఉన్నారు.

"నరహరీ, నీ సూత్రం అద్భుతంగా పనిచేస్తోందయ్యా. దాన్ని పశువుల పరీక్షకు కూడా విస్తరిద్దాం. పశువైద్యం తెలిసినవాళ్లే పశువుకు రోగముందని చెబితే అందులో నిష్పాక్షికత ఎక్కడుంది? రేపటికల్లా ఒక చిత్తు రాసి పంపు."

నా బల్లకు ఎదురుగా కిటికీ ఉంది. అందులోంచి డాక్టర్ ఇందుమతి వ్యాను పక్కన నిలబడి సీసాలు లెక్క చూసుకోవడం కనిపిస్తోంది. నా చేయి అలవాటుగా పెన్ను మూత తీసేసింది. మూడు వాక్యాలూ అప్పుడే వచ్చి వరసలో నిలబడ్డాయి కూడా.

"సార్, నేను రాయకూడదేమో" అన్నాను.

"ఎందుకని?"

"సర్క్యులర్లు రాయడం నాకు తెలుసు సార్. తెలిసినవాడికి రాయడం మీద ఆసక్తి ఉంటుంది. ఆసక్తి ఉన్నవాడు నిష్పాక్షికంగా ఉండలేడు."

ఆయన ఆ మాటలో సందు వెతుకుతున్నారని నాకు తెలుసు.

"లేదయ్యా. ఎక్కడా లేదు" అన్నారు చివరికి, గౌరవంగా.

రాయడం తెలియదని ధ్రువపత్రాలున్న ముగ్గురితో సంఘం వేశారు. ఎనిమిది నెలలైంది. వాళ్లు చాలా శ్రద్ధగా పనిచేస్తున్నారట. ఇంకా సర్క్యులరు మొదట్లో రాసే 'విషయము' అనే మాట దగ్గరే ఉన్నారని, దాని తర్వాత చుక్క పెట్టాలా, గీత పెట్టాలా అన్నది తేలలేదని విన్నాను.